గంట మామ్మ లేని పది రోజులు

ఆ రోజుల్లో నాకు ఏదీ సరిగ్గా అర్థమయ్యేది కాదు. అర్థం కావడం లేదన్న సంగతి కూడా తెలిసేది కాదు కనుక హాయిగా ఉండేవాణ్ణి. ఇరవై మూడేళ్ల వయసు, పోర్టు దగ్గర ఒక చిన్న ఆఫీసులో ఉద్యోగం (ఉద్యోగమంటే కంటైనర్ల కాగితాలు జిరాక్సు తీసి పిన్ను కొట్టడం), జేబులో కొత్త ఫోను, జెల్లు రాసి దువ్విన జుట్టు. అలాంటి నన్ను ఒకరోజు రుషికొండలో ఒక హోటలుకు పంపించి నాయకత్వ శిక్షణ ఇప్పించారు. అంతమందిలో నిన్నే ఎందుకు పంపారని అడిగితే ఇప్పటికీ గొంతు సవరించుకుంటాను గానీ, అసలు సంగతేమిటంటే, వెళ్లాల్సిన మేనేజరుగారి మేనల్లుడికి ఆ ఉదయమే విరేచనాలు పట్టుకున్నాయి. టై కట్టుకున్న ఒకాయన మా చేత బెలూన్లు ఊదించాడు, కళ్లకు గంతలు కట్టి నడిపించాడు, చివరికి మూడు సూత్రాలు చెప్పాడు. మంచి నాయకుడు ఎప్పుడూ నవ్వుతూ ఉంటాడు; ప్రణాళిక రాసి గోడకు అంటిస్తాడు; తాను వలయానికి బయట నిలబడి అందరినీ గమనిస్తాడు. వలయం ఏమిటో, దాని బయటికి ఎందుకు రావాలో నాకు ముక్క అర్థం కాలేదు. మధ్యాహ్నం పెట్టిన రొయ్యల వేపుడు మాత్రం బ్రహ్మాండంగా అర్థమైంది. సాయంత్రం సర్టిఫికెట్ ఇచ్చారు. దారిలో ద్వారకా నగర్‌లో దిగి దానికి లామినేషన్ చేయించుకున్నాకే ఇంటికొచ్చాను.

మా ఇల్లు కంచరపాలెంలో, రైలు పట్టాలకు ఇవతల, కొండవాలు మీదికి ఎక్కే ఒక సందులో. సందులో ఇరవై రెండు ఇళ్లు. కుళాయి గొట్టం కింది నుంచి పైకి పోతుంది. తెల్లవారుజామున ఐదుకీ ఆరుకీ మధ్య ఎప్పుడో మొదలై ఒక గంటసేపు నీళ్లొచ్చేవి. వాటిలో బలం ఉండేది కాదు. కింద ఎవరైనా కుళాయి తిప్పితే చాలు, పై ఇళ్లకు గాలి తప్ప ఏమీ ఎక్కదు. అందుకని మా సందులో ఒక కట్టుబాటు ఉండేది. ముందు అన్నిటికన్నా పై ఇల్లు పట్టుకోవాలి. వాళ్లు "అందింది!" అని కేకేస్తే కింద గంట కొడతారు, అప్పుడు దాని కింది ఇల్లు తిప్పుకోవాలి. అలా ఒక్కో గంటకు ఒక్కో మెట్టు దిగుతూ నీళ్లు కిందికి రావాలి. గంటంటే నిజంగా గంట కాదు, అన్నిటికన్నా కింది ఇంటి గేటుకు వేలాడదీసిన రైలు పట్టా ముక్క. దాన్ని పెద్ద బోల్టుతో కొట్టేది గంట మామ్మ. ఆ కింది ఇల్లు ఆవిడదే, దాని పక్కన మాది. మామ్మకు పదవీ లేదు, సంఘమూ లేదు. ఎవరినీ గట్టిగా ఒక మాట అన్నది కూడా లేదు. తన నాలుగు ఖాళీ బిందెలు గేటు ముందు వరసగా పెట్టుకుని, పక్కన స్టూలు మీద కూర్చునేది, అంతే. ఇరవై రెండు ఇళ్లూ కిక్కురుమనకుండా ఎలా ఆగేవో నాకు అంతుబట్టేది కాదు. బిందెలు లోపల పెట్టుకోకుండా దారికి అడ్డంగా ఎందుకు పెడుతుందో అదీ అంతుబట్టేది కాదు.

నా సర్టిఫికెట్ వచ్చిన వారానికే మామ్మ కంట్లో శుక్లం ఆపరేషనుకు గాజువాకలో కూతురింటికి బయల్దేరింది. ఆదివారం చర్చి నుంచి వస్తూనే తెల్ల చీర కూడా మార్చుకోకుండా మా గుమ్మం ముందు నిలబడి నన్ను పిలిచింది. "నాయనా, పది రోజులు నానుండను. ఈ బోల్టు నీకాడుంచు. పైదానికి నీల్లందాలి, అది సూసుకో" అంది. నాకు ఒళ్లు పులకరించింది. సందు మొత్తంలో నన్నే ఎంచుకుందంటే శిక్షణ సంగతి ఆవిడ చెవిన పడే ఉంటుందనుకుని, లోపలికి పరుగెత్తి సర్టిఫికెట్ తెచ్చి చేతిలో పెట్టాను. మామ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి, "బాగుంది నాయనా, పెల్లి కార్డేటి?" అంది.

సోమవారం ఆఫీసు ప్రింటరు మీద పట్టిక తీశాను. (రంగుల్లో. మేనేజరు భోజనానికి వెళ్లినప్పుడు.) ఏ ఇంటికి ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు నీళ్లో అందులో రాసి ఉంది. ఇరవై ఒక్క వరసలు (ఊళ్లో లేని మామ్మకూ ఒకటి), కింద నా సంతకం. గోడకు అంటించాను, ఫోనులో గ్రూపు పెట్టాను, "మనమంతా ఒకటి" అని పేరు పెట్టాను. పట్టా ముక్క కొట్టడం పాతకాలపు పద్ధతి అనిపించి, మెడలో ఈల వేసుకున్నాను. సందు జనం చదివి, "సరే బాబూ" అన్నారు. అందరూ ఒక్క మాట మీద "సరే బాబూ" అంటే ఏదో తేడా ఉందని ఇప్పుడైతే గ్రహిస్తాను.

మొదటిరోజు నీళ్లు ఐదుకు రావాల్సింది ఐదూ యాభైకి వచ్చాయి. అప్పటికి పట్టిక ప్రకారం పై ఇళ్లన్నిటి వంతూ అయిపోయింది. మా ఎదురింటి లోకో బావ (రైల్వే షెడ్డులో ఫిట్టరు, వరసకు బావేమీ కాడు, సందు మొత్తానికీ బావే) కాగితం మీద వేలు పెట్టి చూపించాడు. "ఇదుగో, ఐదూ యాభై, నా పేరు. నీ సంతకం కూడా ఉంది. తిప్పమంటావేటి, మానీమంటావేటి?" తిప్పవద్దంటే నా సంతకం అబద్ధమవుతుంది, తిప్పమంటే పైవాళ్లు ఎండిపోతారు. మొదటి సూత్రం ప్రకారం నవ్వాను. బావ తిప్పేసుకున్నాడు. ఆ సాయంత్రమే గడియారం లెక్క కొట్టేసి, నీళ్లు వచ్చినప్పుడు ఈల, ఈల నుంచి ఇంటికి రెండున్నర నిమిషాలు అని పట్టిక మార్చాను.

మర్నాడు సందు మధ్యలో నిలబడి ఈల ఊదాను. పై నుంచి "అందింది" అన్న కేక రాలేదు. మళ్లీ ఊదాను. కేక లేదు గానీ కుక్కొకటి మొరిగింది. పై ఇల్లు ఇడ్లీ అక్కది. భర్త లేడు, ఇద్దరు ఆడపిల్లలు. పట్టాల పక్కన రైల్వే గేటు దగ్గర ఆమె ఇడ్లీ బండి పెడుతుంది. ఉదయం నీళ్లు పడితేనే ఇడ్లీ పాత్ర పొయ్యి మీదికెక్కేది. మొదటిరోజు ఆమెకు నీళ్లు అందలేదు, బండి వెళ్లలేదు. రెండోరోజూ వెళ్లలేదు. ఆ సాయంత్రం లోకో బావ నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. "ఒరే, బళ్లోల్ల రూలు నీకు తెల్దు. మూడ్రోజులు సోటు కాళీగుంటే నాలుగో రోజు ఎవులైనా బండెట్టీసుకోవచ్చు. దోసెలోడు ఇప్పటికే రెండుసార్లొచ్చి కొలిసెల్లేడు. రేపు కూడా బండెల్లకపోతే దాని సోటు పోనాదే."

ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. సందంతా కట్టుబడి ఉందనే అందరూ చెబుతున్నారు, నేను చూస్తే అందరి కుళాయిలూ కట్టే ఉన్నాయి. మరి నీళ్లు ఎటు పోతున్నాయి? గొట్టం ఎక్కడైనా పగిలిందా? ఎవరైనా దొంగ కనెక్షను వేశారా? గ్రూపులో "మనలో ఒకరు మనల్ని మోసం చేస్తున్నారు" అని పెట్టాను. అందరూ దండం బొమ్మ పెట్టారు. మా అమ్మ మాత్రం, "తిను నాయనా, నీరసించిపోతావ్. ఊరోల్ల గోల నీకెందుకు" అంటూ ఇంకో గరిటె పప్పు వేసింది.

మూడోరోజు కింద మా గేటు దగ్గర నిలబడ్డాను. నీళ్లొచ్చాయి, ఈల ఊదాను, పైన చడీచప్పుడూ లేదు. కాసేపటికి ఇడ్లీ అక్క రెండు ఖాళీ బిందెలు చంకన పెట్టుకుని మెట్లన్నీ దిగి వచ్చింది. నన్ను తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది. "బాబూ, నువ్వు నవ్వుతావుంటే నాకేటీ అర్థం కాట్లేదు. నా సోటు పోతంది. సివరికి నాకు నీల్లొత్తాయా రావా, అదొక్కటి సెప్పీ" అంది. నేను పట్టిక తీసి ఆమెకు వివరించబోయాను. ఆమె చెయ్యెత్తి ఆపి, తల పక్కకు వంచి వింది. లోకో బావతో సహా అక్కడున్న అందరం విన్నాం. మా ఇంట్లోంచి, పెద్ద డ్రమ్ములోకి, జలజలా నీళ్లు పడుతున్న చప్పుడు.

"అమ్మా!" అని కేకేశాను. అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. ఆవిడ ముఖంలో తప్పు చేసిన ఛాయ ఒక్కటి లేదు.

"ఏటిరా?"

"మన వంతు రాకుండా ఎందుకు పట్టావు?"

"మన వంతా? నీ కాయితంలో మన వంతు ఎక్కడ రాసేవు? పైనుంచి కిందదాకా మూడుసార్లు సదివించుకున్నాను. మన పేరే లేదు. కొడుకు పెద్దోడయ్యేడు, మనకి వంతుల్లేవు గావాల అనుకున్నాను. నీల్లు రాగానే పట్టీసుకుంటన్నాను."

వలయం బయట నిలబడమన్నాడు కదా ఆ టై కట్టుకున్నాయన! నేను నా ఇంటితో సహా నిలబడ్డాను. అయినా, చివరి ఆశగా లోకో బావ వైపు తిరిగి, "ఒక్క మా ఇంటి డ్రమ్ముకే పైకి నీళ్లెక్కకుండా పోతాయా బావా?" అన్నాను. బావ తల గోక్కున్నాడు. "ఒక్కటే ఎందుకవుద్ది? మీ ఇంటికాడ డ్రమ్ము సప్పుడైతే, ఓహో లీడరు పట్టుకుంటన్నాడు, ఇంక మనం కూడా పట్టుకోవచ్చని నానూ తిప్పీసినాను. నన్ను సూసి ఆల్లూ తిప్పీసినారు. నువ్వొచ్చి సూసీసరికి కట్టీసీవోలం." పక్కవాళ్లు తలూపారు. మూడు రోజులుగా నా మాట ఎవరూ వినడం లేదని నేను కుమిలిపోతుంటే, వాళ్లు పాపం నన్ను చూసే నడుచుకుంటున్నారు.

ఇంక సూత్రాలేవీ గుర్తు రాలేదు. అక్క చంకలోని బిందెలు తీసుకుని మా డ్రమ్ములో ముంచాను. ఒక్కో బిందె భుజాన పెట్టుకుని ఆ మెట్లు ఎక్కడం మొదలుపెట్టాను. మూడో విడతకు జెల్లు చెమటతో కలిసి కళ్లలోకి కారింది. అయిదో విడతకు బావ నవ్వుతూ వచ్చి ఒక బిందె అందుకున్నాడు. (ఫిట్టరు కదా, రెండు పట్టుకోవచ్చు. ఒకటే పట్టుకున్నాడు.) చివరికి మా అమ్మ కూడా, నన్ను తిడుతూ, ఒక చెంబు పట్టుకుని సగం మెట్ల దాకా ఎక్కింది. ఎనిమిదిన్నరకు ఇడ్లీ బండి రైల్వే గేటు దగ్గర నిలబడింది. దోసెల ఆయన నాలుగో రోజు దాకా ఆగలేక తన పెనం తీసుకుని అప్పటికే అక్కడ ఉన్నాడట, అక్కను చూసి రెండు ఇడ్లీలు తిని వెళ్లిపోయాడట. ఆ వార్త వినగానే నాకు కళ్లనీళ్లొచ్చాయి. జెల్లు వల్లే అని చెప్పాను.

ఆ పూటే పట్టిక చింపేసి, ఈల తీసేసి, బోల్టు పట్టుకున్నాను. మామ్మ నల్లకళ్లద్దాలు పెట్టుకుని తిరిగొచ్చిన రోజున అంతా విన్నవించుకుని, బోల్టు ఆవిడ ఒళ్లో పెట్టేశాను. "సర్టిఫికెట్ చూసి నన్ను నమ్మారు. నేనే చెడగొట్టాను మామ్మా" అన్నాను. మామ్మ అద్దాలు సవరించుకుంది. "సర్టిఫికెట్టేటి? నాకప్పుడు సూపే ఆనలేదు కదా నాయనా. నా తరవాత ముందు నీల్లొచ్చీది మీ ఇంటికే. ముందొచ్చీవోడు ఆగితే ఎనకోల్లు ఆగుతారు. అందుకిచ్చేను. ఆ డ్రమ్ము కాళీగా గేటు బయటెట్టు, నలుగురికీ కనపడాల" అంది. బోల్టు మాత్రం తిరిగి తీసుకోలేదు.

ఇదంతా జరిగి పన్నెండేళ్లయింది. మామ్మ ఇప్పుడు గాజువాకలోనే ఉంటోంది. ఆఫీసులో నా కింద తొమ్మిది మంది పనిచేస్తున్నారు. వాళ్లు నా మాట వింటారో లేక నన్ను చూసి ఇంకేదైనా చేస్తారో నాకు ఇప్పటికీ అయోమయమే. మా డ్రమ్ము గేటు బయటే ఉంటుంది. దాని మూత విరిగిపోతే అమ్మ వెతికి వెతికి, నీళ్లకు తడవనిది, సరిగ్గా సరిపోయేది ఒకటి తెచ్చి కప్పింది. రోజూ తెల్లవారుజామున గంట కొడుతూ ఆ లామినేషను కింద పెద్ద అక్షరాల్లో ఉన్న నా పేరు చదువుకుంటాను. ఆ జెల్లు కుర్రాడు ఎంత ధీమాగా ఉండేవాడో! ఆ ధీమా గుర్తొచ్చి నవ్వొస్తుంది, వాడంటే కొంచెం ముద్దొస్తుంది కూడా. ఆరింటికల్లా మామ్మ ఫోను చేస్తుంది. బాగున్నావా అని అడగదు.

"పైదానికి అందాయేటి?"

"అందాయి మామ్మా."

"నువ్వు పట్టుకున్నావేటి?"

"ఇంకా లేదు మామ్మా."

"అయితే సరే" అని పెట్టేస్తుంది.