పడిపోయిన చెట్టులో కొమ్ము పురుగులు

మొన్న డాబా మీద పూలకుండీలకని పశువుల ఎరువు తెప్పించాను. బస్తా విప్పితే బొటనవేలంత తెల్లటి పురుగొకటి చుట్ట చుట్టుకుని బయటపడింది. "ఓలమ్మో, ఏటత్తా ఇది!" అని మా కోడలు కెవ్వుమంది. నాకది బాగా తెలిసిన ప్రాణే. కొమ్ము పురుగు పిల్ల. దాన్ని చూడగానే పూండి దగ్గర మా అత్తవారి కొబ్బరితోట, అందులో అడ్డంగా పడివున్న ఓ మొద్దు కళ్ల ముందుకొచ్చాయి.

మాది సంతబొమ్మాళి వైపు వరి పండే ఊరు. కొబ్బరి గురించి నాకు తెలిసిందల్లా పచ్చడి నూరడమే. కొబ్బరితోటల ఉద్దానం సీమకి కాపురానికి వచ్చాకే తెలిసింది, ఆ ఇంట్లో బిడ్డ పుడితే ఓ మొక్క నాటి దాన్నీ ఆ బిడ్డ పేరుతోనే పిలుస్తారని. మా ఆయన చెట్టు నిండా కాయలుండేవి. ఆయన అన్నగారి చెట్టూ ఉండేది గానీ అన్నగారే లేరు, డెబ్బైల చివర్లో, పదేళ్ల వయసులో జ్వరమొచ్చి పోయారట. తొంభైల చివర్లో ఓ గాలివానకి ఆ చెట్టు కూలిపోయింది. మావగారు గొడ్డలి తీస్తే అత్తగారు వెళ్లి ఆ మొద్దు మీద కూర్చుండిపోయింది. "నా బిడ్డ మీద గొడ్డలెట్టేత్తావేటి?" అంది. మొద్దు అక్కడే ఉండిపోయింది. ఆవిడ రోజూ కాసేపు దాని పక్కన కూర్చునేది. నాకు జాలేసేది, విసుగూ వచ్చేది, అబద్ధమెందుకు.

మరుసటేడు మాకు పాప పుట్టింది. "పెదనాన్నకి తోడుంటాది" అని అత్తగారు దాని మొక్కని ఆ మొద్దు పక్కనే నాటించింది. మూడేళ్లలో మొద్దు లోపలంతా మెత్తగా కుళ్లింది. కొమ్ము పురుగు గుడ్లు పెట్టేది అలాంటి చోటే. పిల్లలు నెలల తరబడి ఆ పొట్టు తిని బలుస్తాయి. నల్లటి పెంకూ ముక్కు మీద కొమ్మూ వచ్చాక, పొద్దు వాలగానే ఎగిరిపోయి పచ్చటి చెట్ల నడినెత్తిన లేత మొవ్వుల్లోకి తొలుచుకుపోతాయి. ఆకు విచ్చుకునేసరికి కత్తెరేసినట్టుంటుంది. మావగారు ఇనప కొక్కెం పట్టుకుని చెట్టు తర్వాత చెట్టు ఎక్కి వాటిని గుచ్చి లాగేవారు. దిగొచ్చి కాళ్లు కడుక్కునేవారు.

పెద్ద చెట్లు తట్టుకున్నాయి. పాప మొక్క తట్టుకోలేదు. ఓ పొద్దున్న అత్తగారు నీళ్లు పోస్తూ మొవ్వు పట్టుకుంటే అది చేతిలోకి ఊడొచ్చింది. పక్కనే నిలబడ్డ పాప, "నానమ్మా, నేను సచ్చిపోయానా?" అనడిగింది.

అత్తగారు మావగారి వైపు తిరిగి, "ఏటయ్యా, ఇయ్యి ఎక్కడ్నుంచొత్తన్నాయి?" అంది. ఆయన మొద్దు వైపు చూసి తల దించుకున్నారు. "తెలిసీ సెప్పలేదా?"

"ఎలా సెప్పనే? రోజూ ఆడి పక్కన కూకుంతన్నావు."

ఆవిడే వెళ్లి గొడ్డలి తెచ్చింది. మొద్దు చీలేకొద్దీ తెల్లటి పురుగులు దోసెళ్లకొద్దీ రాలాయి. ముగ్గురం కూర్చుని ఏరాం. చెక్కలన్నీ పోగేసి ఆవిడే అగ్గి పెట్టింది. పాపని ఒళ్లోకి లాక్కుని, నేను ఆ ఇంట అడుగుపెట్టాక మొట్టమొదటిసారి, ఆ కొడుకుని పేరు పెట్టి పిలిచి గొంతెత్తి ఏడ్చింది. పదేళ్ల పిల్లాడు పోయిన ఆ ఒక్క రోజు, ఆ తల్లికి గడవడానికి పాతికేళ్లు పట్టింది.