కంప్యూటర్ గది బయట విడిచిన చెప్పులు

పొద్దున కంప్యూటర్ ఆన్ చేస్తే అప్‌డేట్ అంటూ అరగంట తిరిగింది. తీరా చూస్తే స్టార్ట్ బటన్ ఎడమ మూల నుంచి మధ్యలోకొచ్చి కూర్చుంది. ఎవర్నడిగి జరిపారు? "కొత్తదే బాగుంది నాన్నా, నీకే అలవాటు కాలేదు" అంటది మా అమ్మాయి. ఏంది బాగుండేది? నిన్నటిదాకా పనిచేసిన ప్రింటర్ ఇవాళ కదలట్లేదు!

ఒరేయ్, మాచర్లలో మన బడి కంప్యూటర్ గది గుర్తుందా? బయట చెప్పులు విడిచి, కాళ్లు దులుపుకుని పోయేవాళ్లం. సారు కంప్యూటర్ మీది గుడ్డ తీసి, "మెల్లగా నొక్కండ్రా" అనేవాడు. ఫైల్ మూయాలన్నా, సేవ్ చేయాలా వద్దా అని మనల్ని అడిగేది ఆ కంప్యూటర్.

దాని గదిలోకి అంత మర్యాదగా పోయినోళ్లం రా మనం. ఇప్పుడదేమో చెప్పులతోనే మనింట్లోకొచ్చి, అడక్కుండా సామాన్లు జరుపుతోంది!