ఎర్ర సిరా వరకే

తిరువూరు బస్టాండు ఎదురుసందులో ప్రమీలారాణి డీటీపీ షాపుంది. పెళ్ళికార్డులు, మామిడితోటల కరపత్రాలు, పెద్దకర్మ పత్రికలు, అన్నీ ఆవిడ వేళ్ళ మీదుగానే పోతాయి. ఎవరి పెళ్ళి కుదిరిందో బంధువులకంటే ముందు ఆవిడకే తెలుస్తుంది. అయినా ఒక్క మాట బయటికి పొక్కనివ్వదు. ఆ పేరుంది కాబట్టే సుబ్బలక్ష్మి టీచరుగారు చనిపోయిన భర్త డైరీలు సంచీలో వేసుకుని నేరుగా ఇక్కడికే వచ్చారు.

సోమయాజులుగారు కవి. మనసు జబ్బుతో ఏళ్ళ తరబడి విజయవాడ డాక్టరు మాత్రల మీద బతికిన మనిషి. సంవత్సరీకం నాటికి ఆయన కవితలు పుస్తకంగా తేవాలని టీచరుగారి పట్టుదల.

“ఎర్ర సిరాతో రాసినవే కవితలు, ప్రమీలా. అవే కొట్టు. నీలం సిరా ఆయన సొంత గోడు. చదవనని మాటిచ్చాను, నేనే చదవలేదు. నువ్వూ చూడకు.” సంచీ అందిస్తూ, “ఆయన ముందు ఒక్కనాడూ కంటతడి పెట్టలేదమ్మా. నాకు మిగిలిన తృప్తి అదొక్కటే,” అన్నారు.

చూడొద్దంటే ఊరుకుంటాయా కళ్ళు! మొదట ఒక్క వాక్యం, తర్వాత ఒక పేజీ. ఛీ, ఇదేం బుద్ధి అని తిట్టుకుంటూనే అన్నీ చదివేసింది. ఒకచోట మాత్రం ఆగిపోయింది.

‘సుబ్బు పెరట్లో కుళాయి తిప్పి ఏడుస్తుంది. బకెట్టు నిండి పొర్లుతుంది. నేను విననట్టు పేపరు తిరగేస్తాను.’

ఎర్ర సిరా కవితలన్నీ దీని ముందు దిగదుడుపే అనిపించింది. తనకోసం దాచుకుందామని, తర్వాత తీసేయొచ్చులెమ్మని, కవితల ఫైలు చివరే కొట్టి పెట్టుకుంది. ఇంతలో ముహూర్తాలు ముంచుకొచ్చాయి. పెళ్ళికార్డుల హడావిడిలో ఫైలంతా ప్రింటు తీసి టీచరుగారి చేతిలో పెట్టేసింది.

ఆవిడ షాపులోనే కూర్చుని, అక్షరాల కింద వేలు పెట్టుకుంటూ ప్రూఫు చదివారు. చివరి కాగితం మీద వేలు ఆగింది. అప్పుడు గుర్తొచ్చింది ప్రమీలకు.

“ఇది ఎర్ర సిరా కాదు కదూ?”

“కాదండి. తప్పయిపోయింది టీచరుగారూ. బుద్ధి గడ్డి తిని చదివాను.”

“అయితే ఆయన విన్నారన్నమాట,” అన్నారావిడ. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. “ఇలా ఇంకెన్నిచోట్ల రాశారు?”

ఆ కుళాయి లేని డైరీ ఒక్కటీ లేదు. “ఇదొక్కచోటేనండి,” అంది ప్రమీల తల దించుకుని.

టీచరుగారు ఆ కాగితం మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నారు. మిగతాది అచ్చుకి ఇవ్వమన్నారు. ప్రమీల డైరీల సంచీ అందించబోతే వెనక్కి నెట్టేశారు.

“నీ దగ్గరే ఉండనీ. ఇంట్లో ఉంటే ఇక చదవకుండా ఉండలేను. చదివినదానివి నువ్వు, నువ్వే మోయి.”

పుస్తకం వచ్చింది, సంవత్సరీకమూ అయిపోయింది. సంచీ ఇంకా కంప్యూటరు బల్ల కిందే ఉంది. కూర్చున్నప్పుడల్లా ప్రమీల కాళ్ళకు తగులుతూనే ఉంటుంది.