వెర్లన్ టిడ్‌మోర్ కుడిచెయ్యి

మా అలబామా ఊళ్లో వెర్లన్ టిడ్‌మోర్ దగ్గర క్షవరానికి కూర్చుంటే సలహా ఉచితం. అడగక్కర్లేదు, వద్దన్నా ఆగేవాడు కాదు. నా బీమా ఆఫీసు అతని కొట్టుకి ఎదురుగానే ఉంది కాబట్టి ఆ సలహాల ఫలితాలన్నీ చివరికి నా బల్ల మీదికే వచ్చేవి.

అన్నిటిలోకీ గొప్పది నంబరు ప్లేటు సలహా. ఏటా కారు ప్లేటు కొత్తది చేయించుకునే నెలలో బీమా తీసుకో, ప్లేట్లిచ్చేచోట ఆ బీమా కార్డు చూపించు, పై నెల కట్టడం మానెయ్. కార్డు మాత్రం కారులో భద్రంగా దాచుకో. గడ్డాలు గీస్తూ సగం ఊరికి ఈ పాఠం చెప్పాడు. తన బీమా మాత్రం ఒక్క నెలా తప్పకుండా కట్టేవాడు. పెద్దమనిషి కదా మరి.

ఒకరోజు అతని ముందు ఒక కాగితం పెట్టాను. బీమా లేనివాడు గుద్దితే మన పాలసీయే మనల్ని ఆదుకునే రక్షణ అది. అక్కర్లేకపోతే మా రాష్ట్రంలో సంతకం పెట్టి మరీ వద్దనాలి.

"ఎవడో చేసిన పాపానికి నేనెందుకు కట్టాలి, మిస్ నెల్డా?"

"ఆ ఎవడో నీ కుర్చీలో కూర్చునేవాడే, వెర్లన్."

"మావాళ్లు మంచోళ్లు. ఆ పెన్ను ఇలా ఇయ్యి."

తోకలు తిప్పుతూ సంతకం గీకి పోయాడు.

అక్టోబరులో, వెర్లన్ చర్చి నుంచి ఇంటికెళ్తుంటే, కలప మిల్లులో పనిచేసే హోయ్ట్ స్టాప్ బోర్డు దగ్గర ఆగకుండా వచ్చి అతని కారుని గుద్దేశాడు. వెర్లన్ కుడి మణికట్టు ముక్కలైంది. కత్తి పట్టే చెయ్యి. ఆపరేషనూ, ఆపైన నెలల తరబడి చికిత్సా లేకపోతే ఆ వేళ్లు ఇక ముడుచుకోవన్నాడు డాక్టరు.

చెయ్యి మెడకు కట్టుకుని నా దగ్గరికొచ్చాడు. హోయ్ట్ కార్డు నకలు బల్ల మీద పెట్టి, "వీడి కంపెనీ ఇస్తుందిగా?" అన్నాడు. ఫోన్ చేశాను. ఆ పాలసీ మార్చిలోనే రద్దయింది.

"పోనీ, నాది?"

"నీది నువ్వు గుద్దితే ఎదుటోడికి ఇచ్చేది. నీకిచ్చేది వద్దన్నావుగా."

పాత కాగితం తీసి అతని సంతకం చూపించాను. అప్పుడే పీచ్‌పండ్లతో చేసిన తీపి రొట్టె పట్టుకుని హోయ్ట్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"సిగ్గులేదట్రా? కార్డు దాచుకుని బీమా మానెయ్యమని నీకు ఏ దరిద్రుడు చెప్పాడు?" అని వెర్లన్ మండిపడ్డాడు.

హోయ్ట్ టోపీ తీశాడు. "నువ్వే చెప్పావు బాబాయ్. అప్పుడు నీ కత్తి నా గొంతు మీదుంది. కాదనలేకపోయాను."

నాకు నవ్వొచ్చింది, వెంటనే నామీద నాకే సిగ్గేసింది. వెర్లన్ ఆ రక్షణ ఇప్పుడు కావాలన్నాడు. జరిగినదానికి అది పనికిరాదని చెప్పినా వినకుండా, ఎడమచేత్తో వంకరటింకరగా సంతకం పెట్టాడు.

ఆపరేషనుకి డబ్బు పుట్టలేదు. క్షవరానికి ఇప్పుడు మా ఊరంతా పక్క ఊరికి వెళ్తోంది.