పెద్దమ్మ బొటనవేలు

మా పెద్దమ్మను రేవులో అందరూ బొటనవేలమ్మ అనేవారు. మొదట ఎగతాళికి అన్నారు, తర్వాత అదే పేరైపోయింది. "ఆవిడ ప్రతిదాంట్లో వేలు పెడుతుంది" అని పడవల వాళ్ళు నవ్వుకునేవారు. నిజమే మరి. పీతల షెడ్డులో ఆమె పనే అది. పడవ నుంచి దిగిన ప్రతి పీతనూ వెల్లకిలా తిప్పి, చివరి కాలు మొదట్లో డొప్పను బొటనవేలితో నొక్కి చూడాలి. గట్టిగా ఉంటే అమ్మకం బుట్టలోకి పోతుంది. సొట్టపడితే అది కొత్తగా డొప్ప విడిచిన పీత. దాన్ని నీళ్ళ టబ్బులో వేసి ఉంచితే, మర్నాడు వేటకు వెళ్ళే పడవ తీసుకెళ్ళి సముద్రంలో వదలాలి.

ఇది రేవు వాళ్ళందరూ కలిసి పెట్టుకున్న కట్టుబాటే. మెత్త పీతలో కండ ఉండదు, నీళ్ళే ఉంటాయి. కొన్ని వారాలు వదిలేస్తే డొప్ప గట్టిపడి, కండ పట్టి, మళ్ళీ మన వలలోకే వస్తుంది. ఈ సంగతి అందరికీ తెలుసు. అయినా చేతికి చిక్కినదాన్ని నీళ్ళపాలు చెయ్యడానికి ఎవరికి మనసొప్పుతుంది? "ఈ ఒక్కసారికీ చూసీ చూడనట్టు పొమ్మా" అని బతిమాలేవారు. "పీత బట్టలు మార్చుకునేటప్పుడు తలుపు తోసుకొచ్చే రకం నువ్వేనన్నమాట" అనేది పెద్దమ్మ. షెడ్డంతా గొల్లున నవ్వేది. అడిగినవాడు తల గోక్కుంటూ వెళ్ళిపోయేవాడు.

ఆమె పక్క పీట మా అమ్మది. అమ్మకు ఆ పని నేర్పింది పెద్దమ్మే. అక్కచెల్లెళ్ళిద్దరూ ఇరవై ఆరేళ్ళు ఆ తడి గచ్చు మీద పక్కపక్కనే కూర్చున్నారు.

ఐసు నీళ్ళలో నానీ నానీ, ముళ్ళు గుచ్చుకునీ పెద్దమ్మ బొటనవేలు మొద్దుబారిపోయింది. ఒకరోజు మా ఇంట్లోనే పొయ్యి మీది గిన్నె దించింది. వేలు బొబ్బలెక్కింది గానీ ఆమెకు చురుక్కుమనలేదు. ఎవరితోనూ అనలేదు. చెబితే పీట పోతుంది. పీట పోవడం కన్నా పేరు పోతుందనే ఆమె భయం. వేలు లేకపోతేనేం, కళ్ళున్నాయి కదా అనుకుంది. కొత్త డొప్పతో ఉన్న పీత కడుపు తెల్లగా ఉంటుంది, పాతది మరకలు పట్టి మాసి ఉంటుంది. వేలితో నొక్కుతున్నట్టు నటిస్తూ కంటితో ఏరడం మొదలుపెట్టింది. రెండేళ్ళు ఒక్క మాట రాకుండా నెట్టుకొచ్చింది. లోపల్లోపల గర్వపడింది కూడా.

ఆ రోజు మూడు పడవలు ఒకేసారి వచ్చాయి. షెడ్డు మేస్త్రీ కాలు కాలిన పిల్లిలా తిరుగుతూ, అమ్మకం బుట్టలు నిండీ నిండకముందే తనే మోసుకెళ్ళి, పీతల్ని బతికించి ఉంచే పెద్ద తొట్టెలో పోశాడు. మర్నాడు పొద్దున చూస్తే తొట్టె నీళ్ళు నురగలు కక్కుతున్నాయి. గట్టి పీతలు మెత్తవాటిని చీల్చి తినేశాయి. ఆ కుళ్ళుకి నీళ్ళు చెడి గట్టివీ చచ్చి తేలాయి.

మేస్త్రీ తిన్నగా మా అమ్మ దగ్గరికి వచ్చాడు. "పెద్దావిడ చేతిలో పొరపాటు జరగదు. ఇది నీ నిర్వాకమే. రేపట్నుంచి రావద్దు."

"అవునండీ, నేనే సరిగ్గా చూడలేదు" అంది అమ్మ. చేతులు కడుక్కుని ఇంటికి వచ్చేసింది. పెద్దమ్మ ఆ పక్క పీట మీదే ఉంది. నోరు పెగల్లేదు. ఆ మౌనం గుర్తొస్తే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆమె మీద నాకున్న ప్రేమ కూడా ఆ మంటను ఆర్పలేదు.

ఆ రాత్రంతా పెద్దమ్మ ఏం ఆలోచించుకుందో, తెల్లారగానే మేస్త్రీ దగ్గరికి వెళ్ళి చెప్పేసింది. "తప్పు నాది. నా వేలికి స్పర్శ లేదు. రెండేళ్ళయింది."

మేస్త్రీ ఓ పీతను తెచ్చి ఆమె ముందు పెట్టాడు. పెద్దమ్మ కళ్ళు మూసుకుని నొక్కింది.

"తెలియడం లేదు బాబూ."

మేస్త్రీ పకపకా నవ్వాడు. "రాయిలా ఉంటే తెలియడం లేదా? చెల్లెల్ని వెనకేసుకురావచ్చు గానీ, మరీ ఇంత నాటకమా! ఎవరైనా వింటే నవ్విపోతారు. వెళ్ళి పని చూసుకో."

ఎంత మొత్తుకున్నా నమ్మలేదు. అన్నేళ్ళు కూడబెట్టుకున్న మంచి పేరే ఆమె నిజానికి అడ్డం పడింది.

మధ్యాహ్నం మా ఇంటికి వచ్చింది. గుమ్మంలోనే కూలబడి, అమ్మ చేతులు పట్టుకుని అంతా చెప్పింది. నేను అక్కడే కుట్టు మిషను దగ్గర ఉన్నాను. అమ్మ ఆశ్చర్యపోతుందని చూశాను. పోలేదు.

"నాకు తెలుసులే అక్కా. గిన్నె దించిన రోజే తెలుసు" అంది. "నీకు నడుం నొప్పి, బుట్ట నేను మోస్తానని రోజూ తీసుకెళ్ళేదాన్ని కాదూ? తొట్టె దగ్గర మళ్ళీ నొక్కి చూసి, మెత్తవి తీసేసేదాన్ని. మొన్న మేస్త్రీ మోసుకెళ్ళాడు, నాకు అందలేదు."

"మెత్తవి రోజూ ఉండేవా?"

"ఉండేవి. పదో, పదిహేనో."

పెద్దమ్మ చేతులు వెనక్కి తీసుకుంది. కళ్ళలో నీళ్ళు కూడా లేవు.

"అయితే ఈ రెండేళ్ళూ నేనక్కడ ఏం చేసినట్టే?"

"నా పక్కన కూర్చున్నావక్కా" అంది అమ్మ.

అమ్మ ప్రేమగానే అంది. దానంత దెబ్బ మేస్త్రీ నవ్వు కూడా కొట్టలేదు. పెద్దమ్మ మంచినీళ్ళు కూడా ముట్టకుండా లేచి వెళ్ళిపోయింది. ఆ తర్వాత షెడ్డు గడప తొక్కలేదు. మేస్త్రీ దిగొచ్చి అమ్మను రమ్మన్నాడు గానీ, అక్క లేని చోటికి అమ్మా వెళ్ళలేదు. ఆ రెండు పీటల మీద ఇంకెవర్నీ కూర్చోబెట్టలేదు. ఆ ఏడాది పీతలు డొప్ప విడిచే రోజుల్లో మెత్తవీ గట్టివీ ఒకే బుట్టలో పోయాయి.