తాతయ్యకు దళారి ఎందుకు కావలసి వచ్చాడంటే

నా చిన్నప్పుడు ఖాజాగూడలో మా ఇల్లు గుట్ట మీద, బాగా ఎత్తులో ఉండేది. నీళ్ళ బావి మాత్రం కింద. అమ్మ పొలం పనికి పోతే నీళ్ళు తెచ్చే పని నాయనమ్మదే. మోకాళ్ళు పాడయ్యాక ఆమె బిందెతో ఆ రాళ్ళ దారి ఎక్కలేక మధ్యలోనే కూలబడేది. ఇల్లు అమ్మేసి, బావి పక్కన అమ్మకానికి ఉన్న ఇల్లు కొనాలని తాతయ్య నిర్ణయించాడు. ఇది అమ్ముడుపోతేనే అది కొనగలం. అంతదాకా నాయనమ్మకు ఆ దారి తప్పదు.

మధ్యలో దళారి ఎందుకు, నా ఇంటి సంగతి నాకంటే ఎవడికి తెలుసు అని తాతయ్య వాదన. ఆ మాట నిజమే. ప్రతి రాయీ తానే చెక్కి పేర్చిన ఇల్లది. చిక్కంతా అక్కడే వచ్చింది. చూడవచ్చినవాళ్ళు గోడ వంగిందన్నా, దర్వాజా పొట్టిగా ఉందన్నా ఆయనకు రోషం ముంచుకొచ్చేది. "నీ అసొంటోనికి ఇయ్య పో" అని వాకిట్లోంచే సాగనంపేవాడు. నాయనమ్మ తల పట్టుకునేది. పోనుపోను మా ఇంటి మెట్లు ఎక్కాలంటేనే జనం జంకారు.

చివరికి నాయనమ్మే రాయదుర్గం నుంచి దళారిని పిలిపించింది. చుట్టుపక్కల పశువుల బేరాలూ ఇళ్ళ బేరాలూ ఆయనే కుదిర్చేవాడు. భుజాన ఎప్పుడూ ఎర్ర రుమాలు ఉండేది. తాతయ్య మూతి ముడుచుకుని కూర్చుంటే ఆయన మా ఇంటి వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

"ముందుగాల నువ్వు కొనే ఇల్లు చూసొద్దాం నడువు పెద్దయ్యా" అన్నాడు. నేనూ తాతయ్య వేలు పట్టుకుని వెళ్ళాను.

ఆ ఇంట్లో తాతయ్య నోటికి పట్టపగ్గాలు లేవు. దూలానికి చెదలు పట్టాయన్నాడు, వంటింట్లో పొగ పోయే దారే లేదన్నాడు, గోడ తట్టి చూసి పెదవి విరిచాడు. ఆ ఇంటావిడ ముఖం చిన్నబోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. నాకు చాలా జాలేసింది.

బయటికి వచ్చాక దళారి నవ్వుతూ, "గిన్ని వంకలు పెడితివి, ఇల్లు నచ్చలేదా ఏంది?" అని అడిగాడు.

"నచ్చకపోతే గింతసేపు చూస్తనా?" అని కసిరాడు తాతయ్య. కసిరి, తాను వాకిట్లోంచి సాగనంపినవాళ్ళు గుర్తొచ్చినట్టు దారిలోనే ఆగిపోయాడు. దళారి రుమాలు దులిపి మళ్ళీ భుజాన వేసుకున్నాడు.

మా ఇల్లు చూడటానికి మళ్ళీ మనుషులు వచ్చిన రోజున, దళారి చెప్పినట్టే తాతయ్య ఇంట్లో లేడు. నన్ను వెంటబెట్టుకుని దూరంగా ఒక బండరాయి మీద కూర్చున్నాడు. తన గోడను ఏమంటున్నారోనని ఒకటే గుబులు. "పోయి ఇని రావే" అని లేపేవాడు, అంతలోనే "వద్దుతీ" అని కూర్చోబెట్టేవాడు. పొద్దు వాలుతుండగా దళారి మా గుమ్మంలో నిలబడి రుమాలు ఊపాడు. బేరం కుదిరి బయానా సొమ్ము ముట్టిందని గుర్తు. తాతయ్య హమ్మయ్య అంటూ ఆ రాయి మీదే వెనక్కి వాలిపోయాడు. కళ్ళు కూడా తుడుచుకున్నాడు. కొత్త ఇంటికి వెళ్ళిన రోజు నాయనమ్మ బిందె నింపుకుని, ఎక్కడా కూలబడకుండా వంటింటి దాకా నడిచి వచ్చింది.

ఇప్పుడు తెల్లాపూర్‌లో మా ఫ్లాటు అమ్ముతున్నాం. పసిపిల్లతో సతమతమవుతున్న మా అమ్మాయికి దగ్గరగా మారాలని. ఏజెంటు దండగ, ఆన్‌లైన్‌లో పెడితే చాలు అన్నాడు అల్లుడు. నాకూ సబబే అనిపించింది. నిన్న ఒక ఐటీ జంట వచ్చి, అలమారలన్నీ తెరిచి చూసి, "వంటగదిలో వెలుతురు తక్కువండి" అన్నారు. నేను నవ్వి లైటు వేశాను. మా ఆయన మాత్రం, "మరి ఇన్నేండ్లు మేం చీకట్ల తిన్నమా?" అన్నారు. ఆ అమ్మాయి గబగబా చెప్పులు వేసుకుంది.

వాళ్ళు వెళ్ళగానే అల్లుడికి ఫోన్ చేసి, మంచి ఏజెంటును చూడమన్నాను. మనసు తేలికపడింది. ఇక ఇల్లు చూపించే వేళకు మా ఆయన్ని కింద పార్కులో కూర్చోబెడతాను, నేనూ పక్కనే కూర్చుంటాను. నా ఇంటికైనా వంటకైనా ఎవరు వంక పెట్టినా నాకు ఇప్పటికీ కోపం రాదు. ఎంతసేపు చూస్తున్నారో గమనిస్తాను, అంతే.