బెల్లంపల్లిలో డోలక్ కొట్టని చర్చి

మా పెదనాన్న మనవడి పెళ్లి ఊరేగింపు కరీంనగర్‌లో ఒక చౌరస్తా దగ్గర చాలాసేపు ఆగిపోయింది. బ్యాండు మోగుతుంటే తెల్లగుర్రం కాళ్లెత్తి ఆడుతోంది, మావాళ్లంతా ఫోన్లు పైకెత్తి పట్టుకున్నారు. నా నోరు ఊరుకోదు కదా, ఇవి ముసలివైతే ఎక్కడికి పోతాయని కళ్లెం పట్టుకున్నాయనను అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "కొన్ని అమ్ముడుపోతయి, కొన్ని రోడ్ల మీదనే తిరుగుతయి. బెల్లంపల్లిల రూతమ్మ అని ఒకామె ఉన్నది, ఏదో చర్చి ఆవరణల షెడ్డేసి దిక్కులేని గుర్రాలను సాదుతది. మా బిజిలీ గూడ ఆడనే ఉన్నది," అన్నాడు. పెళ్లి భోజనం ఎలా ఉందో ఇప్పుడు గుర్తులేదు గానీ ఆ మాట మాత్రం మనసులో ఉండిపోయింది. ఆ తర్వాతి ఆదివారమే బయలుదేరాను.

పొద్దున ఆరింటికి కరీంనగర్ బస్టాండులో మంచిర్యాల ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పెద్దపల్లి, గోదావరిఖని మీదుగా సుమారు రెండున్నర గంటల ప్రయాణం. ఆడవాళ్లకు ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్టు, కాబట్టి కిటికీ సీటు కావాలంటే ముందే వెళ్లి పట్టుదలగా కూర్చోవాలి. నేను వెళ్లేసరికి ఎవరో ఒకావిడ కిటికీ పక్కన రుమాలు వేసి టీ తాగడానికి వెళ్లింది. మనిషితోనైతే గొడవ పడొచ్చు, రుమాలుతో ఏం పడతాం. వంతెన మీద ఆమె భుజం పక్కనుంచి కనిపించినంత గోదావరే చూసి సంతోషించాను. మంచిర్యాలలో ఇడ్లీ తిని బెల్లంపల్లికి షేర్ ఆటో ఎక్కాను, యాభై రూపాయలు తీసుకున్నాడు. గుర్రాల షెడ్డు అంటే డ్రైవరుకు తెలియలేదు. రూతమ్మ అన్నా తెలియలేదు. ఏదో చర్చి ఆవరణలోనట అనగానే తల వెనక్కి తిప్పాడు.

"డోలక్ కొట్టని చర్చా? గట్ల చెప్పాలె గద మేడం. కూసోండ్రి, గేటు కాడనే దింపుత."

అదేం చర్చో, డోలక్ ఎందుకు కొట్టరో అతనికీ తెలియదు. బొగ్గుబాయి పాత క్వార్టర్ల వెనుక చిన్న మెథడిస్టు చర్చి, దాని పక్కనే రేకుల షెడ్డు. అందులో మూడు గుర్రాలు. ఆరాధనకు కట్టుకున్న తెల్లచీర కొంగు నడుముకు దోపి, రూతమ్మ గడ్డి వేస్తోంది. వయసు అరవై దాటి ఉంటుంది. భర్త బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు. ఇంటిముందుకు వచ్చిన ఒక కుంటి గుర్రానికి గంజి పోయడంతో ఇదంతా మొదలైందట. మూలన ఎత్తుగా, కాస్త బక్కగా ఉన్న తెల్లది బిజిలీ. రూతమ్మ నోట్లో పడి అది బిజిలమ్మ అయిపోయింది. డోలక్ సంగతి అడిగితే ఆమె ముందు నవ్వింది.

"ఇది వచ్చిన మొదటి ఆదివారం బిడ్డా, పాట మొదలైంది, మా ఏసోబు డోలక్ కొట్టిండు. ఇది షెడ్డుల కాళ్లెత్తి ఒకటే ఆడుడు. మా పాస్టరయ్యగారు సూసి, గుర్రం గూడ దేవుణ్ణి స్తుతిస్తున్నది అన్నడు. మేమందరం ఏడ్సినం. ఏసోబు ఇంకింత జోరుగ కొట్టిండు."

మరునాడు బిజిలమ్మ ముందుకాలు కింద మోపలేదు. పశువుల డాక్టరు వచ్చి అసలు సంగతి చెప్పాడు. డప్పు మోగినప్పుడల్లా కాళ్ల మీద కర్రతో కొట్టి ఇలాంటివాటికి ఆట నేర్పుతారట. తర్వాత కర్ర లేకపోయినా, మోత వింటే చాలు, దెబ్బ పడుతుందని భయంతో కాళ్లెత్తుతాయి. కాలి నరం ముందే చెడిపోయింది, ఇలాగే ఎగిరితే ఇక నిలబడలేదన్నాడు. ఊరేగింపులో మావాళ్లు ఎత్తిపట్టిన ఫోన్లు గుర్తొచ్చి నాకు చాలా బాధేసింది.

ఆ వారం నుంచి చర్చిలో డోలక్ మోగలేదు. క్రిస్మస్ పాటలు కూడా ఉత్త గొంతులతోనే పాడుకున్నారు. ఏసోబు మాత్రం రోజూ సాయంత్రం షెడ్డుకు వస్తాడు. బిజిలమ్మ తవుడు తింటుంటే మొదట్లో బకెట్ మీద వేళ్లతో తట్టేవాడు, తర్వాత పళ్లెం మీద. కొన్నాళ్లకు గేటు అవతల నిలబడి డోలక్ మెల్లగా వాయిస్తూ రోజుకింత దగ్గరికి జరిగాడు. "చిన్నప్పటిసంది కొడుతున్న అక్కా, మెల్లగ కొట్టుడు గిప్పుడు నేర్సుకున్న," అన్నాడు నాతో.

ఆరోజే పరీక్ష అని నాకు అప్పుడే తెలిసింది. బుధవారం చర్చిలో పెళ్లి ఉంది, ఆడపిల్లవాళ్లు బ్యాండు మాట్లాడుకున్నారు. వద్దని ఎన్నిసార్లు అంటారు? ఆరాధన అయ్యాక షెడ్డు ముందు డోలక్ గట్టిగా వాయించి చూద్దాం, బిజిలమ్మ ఎగిరితే కాగజ్‌నగర్ దగ్గర ఒకరి చేనుకు పంపేద్దాం అని సంఘ పెద్దలు తేల్చారు. "లారీ ఎక్కిచ్చుట్లనే గా కాలు పోతది. నాకు అదే పరేషాన్," అంది రూతమ్మ.

ఆరాధన ముగిసి అందరూ బయటకొచ్చారు. పాస్టరుగారు పాట ఎత్తుకున్నారు, ఏసోబు డోలక్ అందుకున్నాడు. బిజిలమ్మ నమలడం ఆపింది. చెవులు వెనక్కి వాలాయి, ఒళ్లంతా జలదరించింది. ముందుకాలు లేచింది. రూతమ్మ తాడు ముట్టలేదు, గడ్డి ఉన్న చెయ్యి మాత్రం ముందుకు చాచింది.

"తిను బిడ్డా. నిన్నెవ్వరు ఏమంటలేరు."

ఏసోబు ఆపలేదు. కాలు కాసేపు గాలిలోనే ఉండి మెల్లగా కిందికి దిగింది. బిజిలమ్మ మూతి చాపి, రూతమ్మ చేతిలో గడ్డి వెతుక్కుని నమలసాగింది. రెండో చరణానికి అందరూ గొంతు కలిపారు గానీ, ఇన్నాళ్లూ డోలక్ లేక ఒక్కరికీ తాళం కుదరలేదు. "గుర్రానికి తాళం మరిపిద్దామంటే మీరే మరిసిండ్రు," అన్నాడు ఏసోబు. రూతమ్మ నవ్వుతూనే కొంగుతో కళ్లొత్తుకుంది.

మధ్యాహ్నం వాళ్లింట్లోనే కోడికూర, అన్నం తిని, చీకటి పడేలోగా కరీంనగర్ చేరాను. మూగజీవిని కాపాడడమంటే నీడ, మేత ఇవ్వడమే అనుకునేదాన్ని. తమకు ప్రాణమైన మోతను ఒక గుర్రం కాలి కోసం వదులుకున్నవాళ్లను మొదటిసారి చూశాను. ఆ మనుషులంటే నాకు చెప్పలేనంత ప్రేమ కలిగింది.

మీరు వెళ్తే ఆదివారమే వెళ్లండి, ఒక కట్ట పచ్చగడ్డి తీసుకెళ్లండి. డోలక్ మోగుతున్నా బిజిలమ్మ కదలకుండా నిలబడి మేత తింటుంటే చప్పట్లు కొట్టాలనిపిస్తుంది. చప్పట్లకు బిజిలమ్మ ఇంకా అలవాటు పడలేదు, చేతులు కట్టుకోండి.